బండి ఏ స్టేషన్లో ఆగింది? ఎక్స్‌టర్నల్ డ్రైవు నుంచి సిస్టమ్ బూట్ కానప్పుడు

(పర్లాకిమిడిలో ఒక ఆదివారం సాయంత్రం కాలేజీ పిల్లలు, డీటీపీ పని చేసేవాళ్లు, కొందరు పెద్దలు కూర్చుని ఉండగా మా ఊరి కంప్యూటర్ మెకానిక్ ఒకాయన మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం ఫోన్లో రికార్డు చేసింది విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ బాబులూ, ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి. నేనేమీ ప్రశ్నలు అడగను. అంటే, అడుగుతాను గానీ మార్కులు వేయను.

నాకు స్క్రూడ్రైవర్ పట్టుకుంటే మాట వస్తుంది, మైకు పట్టుకుంటే పోతుంది. అందుకే చూడండి, ఈ చేతిలో మైకు, ఆ చేతిలో స్క్రూడ్రైవర్. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే పిల్లలకు పాఠాలు చెప్పారు. నోటితో మాట్లాడే తెలుగే కాగితం మీద కూడా రాయాలని జీవితమంతా పోట్లాడారు. ఆయన తిరిగిన ఊళ్లో నిలబడి 'నిర్వహణ వ్యవస్థ', 'బాహ్య నిల్వ పరికరం' అంటే ఆయనే కర్ర తీసుకుని వస్తారు. షాపులో ఎలా మాట్లాడతానో ఇక్కడా అలాగే మాట్లాడతాను. బూట్ అంటే బూటే, డ్రైవు అంటే డ్రైవే.

మా షాపుకి వారానికి ఇద్దరు ముగ్గురైనా ఈ గొడవతో వస్తారు. చేతిలో ఎక్స్‌టర్నల్ డ్రైవు. అందులో విండోస్, లినక్స్ లాంటి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నారు, లేదా వేయడానికి పెన్‌డ్రైవ్ తయారు చేసుకున్నారు. పెడితే బూట్ అవ్వదు, అంటే అందులోంచి సిస్టమ్ లేవదు. వచ్చి ఏమంటారు? "అంకుల్, డ్రైవు పోయింది." పోయిందని నీకెవరు చెప్పారమ్మా? "బూట్ అవ్వట్లేదు కదా!" మరి ఏం చేశావు? "మూడుసార్లు ఫార్మాట్ కొట్టాను." ఇదీ సంగతి. జ్వరం ఎంతుందో చూడకుండా మూడుసార్లు ఆపరేషన్ చేశాడన్నమాట.

నేను ఒక్క మాట చెప్పడానికి వచ్చాను. డ్రైవు ముట్టుకునే ముందు, ఎక్కడ ఆగిందో కనిపెట్టండి.

మన రైలు లైను తెలుసు కదా? నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం, మన పర్లాకిమిడి, కాశీనగర్, ఆ పైన గుణుపూర్. బండి గుణుపూర్ చేరలేదు. అప్పుడేం చేస్తారు? పట్టాలు పీకేస్తారా? ఫోన్ చేసి అడుగుతారు, బండి ఎక్కడుందని. నౌపడలోనే కదల్లేదా? టెక్కలి దాటిందా? పాతపట్నంలో సిగ్నల్ ఇవ్వలేదా? కంప్యూటర్ కూడా అంతే. మీరు బటన్ నొక్కింది నౌపడ. మీ పేరు, పాస్‌వర్డ్ అడిగే తెర గుణుపూర్. మధ్యలో ప్రతి స్టేషన్లోనూ తెర మీద ఏదో ఒకటి కనిపిస్తుంది. అది చదవాలి. చదవలేకపోతే ఫోన్‌తో ఫోటో తీసి తీసుకురండి. "ఏదో ఇంగ్లీషులో వచ్చింది అంకుల్" అని నాతో చెబితే నేనేం చేయను?

మొదటిది నౌపడ, అంటే కరెంటు.

ఇది అందరూ వదిలేసే స్టేషను. ఈ డ్రైవు చూడండి, రెండున్నర అంగుళాల హార్డ్ డిస్కు. దీనికి విడిగా అడాప్టర్ లేదు. తిండి అంతా ఈ యూఎస్బీ వైరులోంచే రావాలి. యూఎస్బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. 3.0 పోర్టు ఇచ్చేది 900. లోపల పళ్లెం తిరగడం మొదలుపెట్టే ఆ ఒకటి రెండు సెకన్లలో కొన్ని డిస్కులు ఒక ఆంపియర్ దాకా అడుగుతాయి. బండి కదిలేటప్పుడే కదా ఇంజను ఎక్కువ లాగాలి? సరిపోకపోతే ఏమవుతుంది? పళ్లెం తిరగబోతుంది, ఆగుతుంది, మళ్లీ తిరగబోతుంది.

ఇలా రా బాబు, నువ్వే. దీన్ని చెవి దగ్గర పెట్టుకో. నేను ఈ పాత హబ్‌కి తగిలిస్తాను. ఏం వినిపిస్తోంది? "టిక్, టిక్." ఆగి? "మళ్లీ టిక్." సరే. ఇప్పుడు హబ్ తీసేసి నేరుగా లాప్‌టాప్‌కి పెడతాను. ఇప్పుడు? "సన్నగా జుయ్ మంటోంది." అదీ. ఈ డిస్కు చచ్చిపోలేదు, ఆకలితో ఉంది. ఈ టిక్ టిక్ విని డిస్కు పోయిందని చెత్తబుట్టలో పడేసినవాళ్లు నాకు తెలుసు. నేరుగా పెట్టినా, వైరు మార్చినా టిక్ టిక్ ఆగకపోతే అప్పుడు లోపల జబ్బే. అప్పుడు బూట్ సంగతి మరచిపోయి ముందు డేటా సంగతి చూసుకోవాలి.

డెస్క్‌టాప్ వాళ్లు ముందుపక్క పోర్టు వాడకండి, వెనకపక్క మదర్‌బోర్డుకే ఉన్న పోర్టుకి పెట్టండి. ముందు పోర్టుకి లోపల సన్నటి వైరు వెళ్తుంది, దారిలోనే కొంత వోల్టేజి తినేస్తుంది. రెండు తలల వైరు దొరుకుతుంది, రెండు పోర్టుల నుంచి తిండి తీసుకునేది, అది పెట్టినా పని జరుగుతుంది. ఇంకో చిట్కా. మొదటిసారి "బూట్ డివైస్ లేదు" అని వస్తే తీసేయకండి. డ్రైవు అలాగే ఉంచి కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కండి. కరెంటు పోకుండా సిస్టమ్ మాత్రం మళ్లీ మొదలవుతుంది. ఈసారి పళ్లెం అప్పటికే తిరుగుతూ ఉంటుంది కాబట్టి కనిపించొచ్చు. ఇలా రెండోసారికి కనిపిస్తే జబ్బు ఏమిటో తెలిసిపోయింది. డ్రైవు లేచేలోపే కంప్యూటర్ వెతికేసి ముందుకెళ్లిపోయింది, అంతే.

ఇక టెక్కలి. కంప్యూటర్‌కి డ్రైవు కనిపించిందా లేదా?

మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్ ఉంటుంది, అందులో ఒక చిన్న ప్రోగ్రాం. పాతదాన్ని బయోస్ అన్నాం, కొత్తదాన్ని యూఈఎఫ్ఐ అంటున్నాం. బటన్ నొక్కగానే లేచేది అదే. ఏ డ్రైవు నుంచి ఎక్కాలి అన్న వరస దాని దగ్గర ఉంటుంది. ఆ వరసలో మీ ఎక్స్‌టర్నల్ డ్రైవు కింద ఉంటే, మీరు ఎన్నిసార్లు పెట్టినా అది లోపలి డిస్కులో ఉన్న విండోస్‌నే లేపుతుంది. దాని తప్పేముంది?

అందుకే బూట్ మెనూ కీ. డెల్, లెనోవోలలో ఎక్కువగా ఎఫ్12. హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి తర్వాత ఎఫ్9. ఆసుస్ లాప్‌టాప్‌లలో ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12, కానీ చాలావాటిలో ముందు ఎఫ్2తో లోపలికెళ్లి ఆ మెనూని ఆన్ చేయాలి. ఎప్పుడు నొక్కాలి? బటన్ నొక్కిన మరుక్షణం నుంచి టకటకా నొక్కుతూనే ఉండాలి. కంపెనీ బొమ్మ వచ్చాక తీరిగ్గా నొక్కితే బండి వెళ్లిపోయాక ప్లాట్‌ఫారం టికెట్ కొన్నట్టే.

విండోస్ ఉన్నవాళ్లకి ఇంకో తిరకాసు. మీరు షట్‌డౌన్ కొట్టినా అది పూర్తిగా ఆగదు. ఫాస్ట్ స్టార్టప్ అని, సగం నిద్రలో ఉంటుంది. లేచేటప్పుడు తొందరగా లేస్తుంది, కీ అందదు. షిఫ్ట్ కీ పట్టుకుని రీస్టార్ట్ కొట్టండి. నీలం తెర వస్తుంది. అందులో 'యూజ్ ఎ డివైస్' అని ఉంటే అక్కడే డ్రైవు ఎంచుకోవచ్చు.

మెనూలో డ్రైవు పేరే లేదనుకోండి. వేరే పోర్టుకి మార్చండి. కొన్ని పాత మదర్‌బోర్డుల్లో నీలం రంగు 3.0 పోర్టులు విండోస్ లేచాకే పని చేస్తాయి. బూట్ సమయంలో ఆ చిన్న ప్రోగ్రాంకి వాటి భాష రాదు. అలాంటి చోట నల్ల పోర్టుకి పెడితే వెంటనే కనిపిస్తుంది. కొత్త పోర్టు వదిలేసి పాతదానికి పెట్టమన్నందుకు నన్ను వింతగా చూసినవాళ్లున్నారు, పెట్టాక చూపు మారింది.

ఒకమ్మాయి చెయ్యెత్తింది. చెప్పమ్మా. "నా పెన్‌డ్రైవ్ మెనూలో కనిపిస్తుంది సార్, ఎంచుకుంటే మళ్లీ మెనూకే వచ్చేస్తుంది." మంచి ప్రశ్న. పెన్‌డ్రైవ్ ఎలా తయారు చేశావు? "ఐఎస్ఓ ఫైలు డౌన్‌లోడ్ చేసి కాపీ, పేస్ట్ చేశాను." నవ్వకండి నవ్వకండి, ఇక్కడ నవ్వినవాళ్లలో సగంమంది ఒకసారైనా ఇది చేసే ఉంటారు. ఐఎస్ఓ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం ఒకే ఫైలుగా కట్టింది, మూట కట్టిన ఇల్లు తల్లీ. మూట తీసుకెళ్లి స్థలంలో పడేస్తే ఇల్లు అవుతుందా? మూట విప్పి, పునాది దగ్గర్నుంచి పరవాలి. ఆ పరిచే పని రూఫస్ లాంటి ప్రోగ్రాంలు చేస్తాయి. నీ పెన్‌డ్రైవ్‌లో ఫైలు ఉంది, బూట్ అయ్యేది ఏమీ లేదు. ఇంటికెళ్లి రూఫస్‌తో రాయి, అరగంటలో అయిపోతుంది. డౌన్‌లోడ్ మధ్యలో తెగి ఉంటే అదీ చూసుకో. వాళ్లు పక్కన పొడుగ్గా ఒక నంబరు ఇస్తారు, ఎస్‌హెచ్ఏ 256 అని. నీ ఫైలుది, వాళ్లదీ సరిపోవాలి.

పాతపట్నం చేరాం. ఇక్కడే ఎక్కువ బళ్లు ఆగిపోతాయి. నేను కూడా ఇక్కడే ఎక్కువసేపు ఆగుతాను.

1900లో రాజావారి కాలంలో ఈ లైను పడింది. నారో గేజు. పట్టాల మధ్య రెండున్నర అడుగులు. పెద్దవాళ్లకి ఆ చిన్న బండి గుర్తుండే ఉంటుంది. ఇప్పుడున్నది బ్రాడ్ గేజు, అయిదున్నర అడుగులు. ఆ పాత బోగీ తెచ్చి ఈ పట్టాల మీద పెడితే నడుస్తుందా? బోగీ బాగానే ఉంది. పట్టాలూ బాగానే ఉన్నాయి. ఒకదానికొకటి కుదరవు.

బయోస్, యూఈఎఫ్ఐ కథ అచ్చంగా ఇదే. పాత పద్ధతిలో బయోస్ డ్రైవు మొదటి ముక్క చదువుతుంది. 512 బైట్లు. అంతే. అందులో 446 బైట్లలో చిన్న ప్రోగ్రాం, 64 బైట్లలో నాలుగు భాగాల పట్టిక, చివరి రెండు బైట్లు 55, ఏఏ అనే గుర్తు. ఆ గుర్తు లేకపోతే ఇది బూట్ డ్రైవు కాదని తేల్చేస్తుంది. దీన్ని ఎంబీఆర్ అంటారు. కొత్త పద్ధతి వేరు. అందులో భాగాల పట్టికని జీపీటీ అంటారు. యూఈఎఫ్ఐ ఆ మొదటి ముక్కలోని ప్రోగ్రాంని నడపదు. డ్రైవులో ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన ఒక చిన్న భాగం కోసం వెతుకుతుంది, దాన్నే ఈఎఫ్ఐ భాగం అంటారు. అందులో ఈఎఫ్ఐ అనే ఫోల్డరు, దాని లోపల బూట్ అనే ఫోల్డరు, దాని లోపల బూట్ ఎక్స్64 అనే ఫైలు. బయటి డ్రైవు అయితే ఆ దారిలోనే, ఆ పేరుతోనే ఉండాలి.

పాత పద్ధతిలో రాసిన డ్రైవు తెచ్చి కొత్త పద్ధతి మాత్రమే తెలిసిన లాప్‌టాప్‌కి పెడితే? బోగీ కింద పట్టాలు లేవు. చాలా కొత్త లాప్‌టాప్‌లలో పాత పద్ధతి పూర్తిగా తీసేశారు. కాబట్టి రూఫస్‌లో రాసేటప్పుడు అది అడుగుతుంది చూడండి, ఎంబీఆరా జీపీటీయా అని, అక్కడ చూడకుండా స్టార్ట్ నొక్కకండి. ఈ పదేళ్లలో కొన్న కంప్యూటర్ అయితే జీపీటీ, యూఈఎఫ్ఐ. ఇంట్లో మరీ పాత డెస్క్‌టాప్ అయితే ఎంబీఆర్.

పాతపట్నంలోనే ఇంకో గేటు ఉంది. సెక్యూర్ బూట్. 2012లో విండోస్ 8తో పాటు ఇంటింటికీ వచ్చింది. సంతకం లేని బూట్ ప్రోగ్రాంని లోపలికి రానివ్వదు. తెర మీద ఎర్రటి డబ్బాలో 'సెక్యూరిటీ వయొలేషన్' అని వస్తే ఆగింది ఈ గేటు దగ్గరే. పేరున్న లినక్స్‌లకి సంతకం ఉంటుంది, వెళ్లిపోతాయి. లేనివాటికి సెక్యూర్ బూట్ ఆపాలి.

ఆగండాగండి, ఎవరో అప్పుడే ఫోన్లో రాసుకుంటున్నారు, 'సెక్యూర్ బూట్ ఆఫ్' అని. దాని కింద ఇది కూడా రాసుకోండి. బిట్‌లాకర్. చాలా కొత్త లాప్‌టాప్‌లలో లోపలి డిస్కుకి తాళం వేసి ఉంటుంది, మీకు తెలియకుండానే. మీరు సెక్యూర్ బూట్ ముట్టుకోగానే దానికి అనుమానం వస్తుంది. ఎవడో దొంగ వచ్చాడని. తర్వాత విండోస్ లేపితే 48 అంకెల కీ అడుగుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్లో ఉంటుంది, ఆ అకౌంట్ ఎవరిది? కొన్నప్పుడు ఎవరో కుర్రాడు తన మెయిల్‌తో పెట్టేసి ఉంటాడు. అతనిప్పుడు సూరత్‌లో ఉంటాడు. కాబట్టి ముందు కీ కాగితం మీద రాసుకోండి, అప్పుడే గేటు ముట్టుకోండి. కాగితం మీద. అదే లాప్‌టాప్‌లో సేవ్ చేయడం కాదు.

అన్నాచెల్లెళ్ల కథ

ఇప్పుడు ఒక కథ చెబుతాను. పేర్లు చెప్పను, ఇద్దరూ మన పిల్లలే. ఇల్లు కాశీనగర్ దగ్గర, అన్న బరంపురంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. సొంత లాప్‌టాప్ లేదు. 500 జీబీ ఎక్స్‌టర్నల్ డ్రైవు ఒకటి కొనుక్కున్నాడు. సెలవులకి ఇంటికొచ్చి, చెల్లెలి లాప్‌టాప్‌కి ఆ డ్రైవు తగిలించి అందులో లినక్స్ వేసుకున్నాడు. జాగ్రత్తగానే వేశాడండి, లోపలి డిస్కుని ముట్టుకోలేదు, ఎక్స్‌టర్నల్ డ్రైవునే ఎంచుకున్నాడు. ఇంట్లో బ్రహ్మాండంగా నడిచింది. డ్రైవు సంచిలో వేసుకుని బరంపురం వెళ్లిపోయాడు. ల్యాబ్‌లో సిస్టమ్‌కి పెట్టుకుని పని చేసుకోవచ్చని.

సాయంత్రం ఆరింటికి నాకు ఫోన్. "అంకుల్, డ్రైవు బూట్ అవ్వట్లేదు. ఇంట్లో అయింది, ఇక్కడ మెనూలో కనిపిస్తోంది గానీ లేవట్లేదు." చూద్దాంలే అన్నాను. ఏడింటికి ఇంకో ఫోన్. వాళ్ల నాన్నగారు. "ఏమండీ, మా పాప లాప్‌టాప్ ఆన్ చేస్తే నల్లటి తెర. పైన గ్రబ్ అని రాసి పక్కన బాణం గుర్తు. రేపు దానికి ఆన్‌లైన్ పరీక్ష. ఒకటే ఏడుపు."

చెప్పండి. రెండు ఊళ్లు, రెండు సిస్టమ్‌లు, ఒకే సాయంత్రం రెండూ ఆగిపోయాయి. రెండు జబ్బులా, ఒకటేనా?

ఒకటే. ఆ లినక్స్ వేసే ప్రోగ్రాం ఏం చేసిందంటే, సరుకంతా ఎక్స్‌టర్నల్ డ్రైవులో సర్దింది. తాళంచెవి మాత్రం చెల్లెలి లాప్‌టాప్ లోపలి డిస్కులో పెట్టింది. ఆ తాళంచెవే బూట్‌లోడర్, లినక్స్‌ని లేపే చిన్న ప్రోగ్రాం, దాని పేరే గ్రబ్. అది వెళ్లి విండోస్ వాళ్ల ఈఎఫ్ఐ భాగంలో కూర్చుంది, బూట్ వరసలో తనే మొదటి స్థానంలో నిలబడింది. ఇంట్లో రెండూ ఒకచోట ఉన్నంతసేపూ బాగానే నడిచింది. అన్న ఇల్లు తీసుకుని బరంపురం వెళ్లాడు, తాళంచెవి కాశీనగర్‌లో ఉండిపోయింది. అక్కడ ఇంటికి తాళంచెవి లేదు, ఇక్కడ తాళంచెవికి ఇల్లు లేదు.

ఆ కుర్రాడు అప్పటికే డ్రైవు ఫార్మాట్ కొట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. వాళ్ల నాన్నగారేమో లాప్‌టాప్‌ని బస్సులో వేసుకుని రాత్రికి రాత్రే వచ్చేస్తానంటారు. ఇద్దరినీ ఆపాను. ముందు పాప పరీక్ష కదా. ఫోన్లోనే చెప్పాను, ఆపేసి మళ్లీ ఆన్ చేసి బూట్ మెనూ కీ నొక్కమని. ఏం కనిపిస్తోందండీ? "రెండు వరసలున్నాయి. ఒకటి లినక్స్ పేరు, రెండోది విండోస్ బూట్ మేనేజర్." రెండోది ఎంచుకోండి. ఒక నిమిషం చడీచప్పుడు లేదు. తర్వాత ఫోన్లో పాప గొంతు వినిపించింది, "వచ్చింది నాన్నా!" అని. తర్వాత సెటప్‌లోకి వెళ్లి వరసలో విండోస్‌ని పైకి జరిపించాను. లాప్‌టాప్ కథ అయిపోయింది. పది నిమిషాలు. ఒక్క స్క్రూ విప్పలేదు.

అన్న డ్రైవు మాత్రం దసరాకి వచ్చినప్పుడు మా షాపులోనే చేశాం. పెన్‌డ్రైవ్‌లోంచే నడిచే లైవ్ లినక్స్ లేపి, డ్రైవు చివర్లో 300 ఎంబీ ఖాళీ చేసి, దాన్ని ఫ్యాట్32 చేసి, ఈఎఫ్ఐ భాగం అని గుర్తు పెట్టాం. తర్వాత గ్రబ్ ఇన్‌స్టాల్ కమాండు, చివర్లో రిమూవబుల్ అన్న మాట చేర్చి. ఆ ఒక్క మాట చేరిస్తే బూట్‌లోడర్ ఇందాక చెప్పిన దారిలోనే వెళ్లి కూర్చుంటుంది, ఈఎఫ్ఐ, బూట్, బూట్ ఎక్స్64. ఆ దారి ఏ లాప్‌టాప్‌కైనా తెలుసు. ఆ మాట చేర్చకపోతే అది ఈ మదర్‌బోర్డు చిప్‌లో తన పేరు రాయించుకుని వస్తుంది. వేరే మదర్‌బోర్డుకి ఆ పేరు తెలియదు కదా?

వాడు ఆనందంగా మా షాపులో ఇంకో సిస్టమ్‌కి పెట్టాడు. మెనూ వచ్చింది. చిన్న బొమ్మ వచ్చింది. అంటే బూట్‌లోడర్ పని అయి లినక్స్ లేస్తోంది, బండి పాతపట్నం దాటి మన ఊరొచ్చింది. అక్కడ ఆగింది. తెర మీద ఒక ఎర్ర నక్షత్రం అటూ ఇటూ తిరుగుతోంది, పక్కన 'స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్', ఒక నిమిషం ముప్పై సెకన్ల లెక్క. లెక్క అయిపోగానే ఎమర్జెన్సీ మోడ్ అని నల్ల తెర. వాడి ముఖం చూడాలి మీరు. "అంకుల్, మళ్లీ మొదటికొచ్చింది." మొదటికి రాలేదురా బాబూ, మూడు స్టేషన్లు దాటింది!

ఏమైందంటే, లినక్స్‌లో ఎఫ్‌స్టాబ్ అని ఒక చిన్న ఫైలు ఉంటుంది. లేవగానే ఏయే భాగాలు తగిలించుకోవాలో అందులో రాసి ఉంటుంది. అందులో ఇంకా చెల్లెలి లాప్‌టాప్‌లో ఉన్న ఈఎఫ్ఐ భాగం నంబరే ఉంది. యూయూఐడీ అంటారు దాన్ని. కాశీనగర్‌లో ఉన్న భాగం కోసం ఇక్కడ తొంభై సెకన్లు ఎదురుచూసి, రాలేదని చతికిలబడింది. ఆ ఒక్క వరసలో పాత నంబరు తీసి కొత్త భాగం నంబరు రాశాం. రీస్టార్ట్. పాస్‌వర్డ్ తెర. గుణుపూర్.

మన ఊళ్లో ఆగే బళ్లు ఇంకో రకం కూడా ఉంటాయి. 'ఫలానా యూయూఐడీ లేదు' అని చెప్పి ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే తెరలో పడేస్తుంది. కెర్నెల్, అంటే లినక్స్ గుండెకాయ, లేచింది, దాని ఇల్లు ఉన్న భాగం ఇంకా కనిపించలేదు. నిదానంగా లేచే డిస్కులకి ఇది మామూలే. బూట్ వరసలో రూట్‌డిలే అని పెట్టి పది సెకన్లు ఆగమని చెబితే చాలాసార్లు అదే సర్దుకుంటుంది. ఈలోగా డిస్కు పోయిందని ఎవరూ అనుకోకూడదు, నేను కోరేది అంతే.

విండోస్ సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే దాని మనసు తెలిసిందే. విండోస్ సెటప్ యూఎస్బీకి తగిలించిన డ్రైవులో వేయనని మొహం మీదే చెబుతుంది. కంపెనీల కోసం విండోస్ టు గో అని ఒకటి ఇచ్చారు, అదీ 2020లో తీసేశారు. రూఫస్‌లో ఆ పని చేసే దారి ఇప్పటికీ ఉంది, కావలసినవాళ్లు వాడుకోండి. మా షాపుకి ఎక్కువ వచ్చేది వేరే రకం. పాత లాప్‌టాప్ చెడిపోయింది, లోపలి డిస్కు తీసి యూఎస్బీ కేసులో పెట్టాం, ఇప్పుడు దీన్నే కొత్త లాప్‌టాప్‌లో బూట్ చేద్దామని. నీలం తెర వస్తుంది, 'ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్'. ఆ విండోస్ లోపలి డిస్కుగా లేవడం నేర్చుకుంది. యూఎస్బీ దారిలోంచి లేవడం దానికి రాదు. దానితో కుస్తీ పట్టొద్దు. కొత్త లాప్‌టాప్‌లో దాని విండోస్ లేపి, ఈ డిస్కు పక్కన తగిలించి, మీ ఫోటోలు, మీ ఫైళ్లు కాపీ చేసుకోండి. మీకు కావలసింది అవే కదా?

నేను చేసిన పని

ఇందాక ఫార్మాట్ కొట్టిన పిల్లల్ని వెక్కిరించాను. నేను చేసింది కూడా చెప్పాలి, లేకపోతే ఇంటికెళ్లాక అన్నం సహించదు.

చాలా ఏళ్ల క్రితం ఒక ఫోటో స్టూడియో ఆయన వచ్చారు. ఆయన సిస్టమ్‌లో లోపలి డిస్కు పోతే, వాళ్ల అబ్బాయి ఎక్స్‌టర్నల్ డ్రైవులో లినక్స్ వేసి ఇచ్చాడు. దాంతోనే నడుపుతున్నారు. పెళ్లి ఫోటోలన్నీ అందులోనే. ఒకరోజు బూట్ అవ్వడం మానేసింది. నా దగ్గరికి తెచ్చారు. షాపులో జనం ఉన్నారు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, టెన్షన్. నేనేం చేశాను? ఎక్కడ ఆగిందని చూడలేదు. డ్రైవు తీసుకెళ్లి నా విండోస్ సిస్టమ్‌కి తగిలించాను. విండోస్‌కి లినక్స్ భాగం చదవడం రాదు. రాకపోతే ఊరుకోవచ్చు కదా? ఊరుకోదు. కొన్నిసార్లు అడుగుతుంది, 'ఈ డిస్కు వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?' అని. ఒక చేత్తో ఫోన్, ఒక చేత్తో మౌస్. నొక్కేశాను.

నాలుగు సెకన్లు పట్టింది. నాలుగు సెకన్లలో తొమ్మిది పెళ్లిళ్లు.

ఆయన ఎదురుగానే కూర్చుని ఉన్నారు, టీ తాగుతూ. ఆయనకు చెప్పాలి కదా. చెప్పాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. గ్లాసు కింద పెట్టి, "ఇప్పుడేం చేద్దామండీ" అన్నారు. అంతే అన్నారు.

ఫోటోరెక్ అని ఒక ప్రోగ్రాం ఉంది. పోయిన ఫైళ్లని డిస్కు మీద ముక్కముక్కగా గాలించి తీస్తుంది. అదృష్టం, పైపైన ఫార్మాటే కాబట్టి చాలావరకు దొరికాయి. కానీ పేర్లు రావు. ఫోల్డర్లు రావు. వేల ఫోటోలు, అన్నీ నంబర్లే. ఎవరి పెళ్లి ఏదో? తలంబ్రాలు ఎవరివి, అప్పగింతలు ఎవరివి? ఆయనా నేనూ మూడు రాత్రులు కూర్చున్నాం. పెళ్లికూతురి చీర రంగు చూసి వేరు చేశాం. ఒకే రంగు చీరలు రెండు పెళ్లిళ్లలో వస్తే పందిరి చూసి. కొన్ని ఇప్పటికీ ఎవరివో తెలియదు.

అన్నీ అయ్యాక అసలు అది ఎందుకు బూట్ అవ్వలేదో చూశాను. ఆయన సిస్టమ్ మదర్‌బోర్డు మీద చిన్న బిళ్ల బ్యాటరీ, సీఆర్2032. అది అయిపోయింది. కరెంటు పోయినప్పుడల్లా బూట్ వరస మొదటికి వచ్చేస్తోంది, ఎక్స్‌టర్నల్ డ్రైవుని చూడటం మానేసింది. తేదీ కూడా వెనక్కి పోయి ఉంది తెర మీద. నేను దాని వంక చూడలేదు. డ్రైవులో ఏ లోపమూ లేదు.

అప్పటినుంచి షాపులో నా టేబుల్ మీద ఒక కాగితం అంటించి ఉంటుంది, వచ్చినవాళ్లు చూసే ఉంటారు. తెలుగులోనూ ఒడియాలోనూ రాసుంటుంది, 'నో నొక్కు' అని. చాలామంది అది ఏదో తప్పుగా పడిందనుకుంటారు.

ఇంకేమైనా అడుగుతారా? చెప్పండి మాస్టారూ. "ఎస్ఎస్డీ అయితే ఈ బాధలుండవా?" ఎస్ఎస్డీలో అన్నీ చిప్‌లే, తిరిగే పళ్లెం లేదు కాబట్టి టిక్ టిక్ బాధ ఉండదు. గేజు బాధ, తాళంచెవి బాధ అవి మామూలే. ఇంకోటి, కొన్ని చవక కేసుల్లో ఉండే చిప్‌కి లినక్స్‌తో పడదు, మధ్యలో డ్రైవు మాయమైపోతుంది. కేసు మార్చి చూడండి, డ్రైవు మార్చే ముందు. అలాగే కేసులో పెట్టి ఫార్మాట్ చేసిన డిస్కు తీసి నేరుగా లోపల బిగిస్తే ఒక్కోసారి ఖాళీగా కనిపిస్తుంది. కంగారు పడి మళ్లీ ఫార్మాట్ చేయకండి, తిరిగి అదే కేసులో పెడితే అన్నీ అక్కడే ఉంటాయి.

పాతపట్నం నుంచి వచ్చిన బాబు ఒకడు ఇందాకటి నుంచి సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. డ్రైవు తెచ్చావా? తెచ్చాడు. బూట్ అవ్వట్లేదా? సరే, ఇలా రా. లాప్‌టాప్ ఏది, హెచ్‌పీయా? అయితే ఏ కీ నొక్కాలి? అందరూ చెప్పండి. ఎస్కేప్, తర్వాత ఎఫ్9. నువ్వే నొక్కు, నేను ముట్టుకోను. ఆ, వచ్చింది. తెర మీద ఏం రాసుందో గట్టిగా చదువు, వెనకవాళ్లకి కూడా వినపడాలి.